ద్రాక్షతోటల కంకరబాట: బాట యెవ్వరిది? ఫలమెవ్వరిది?



బాట యనగానే మనకు మొదట దోచునది తారు. తారు పోసినది మంచిబాట యనియు, మట్టిబాట దిక్కులేని బాట యనియు మనలో ననేకుల యభిప్రాయము. ఫ్రాన్సు దేశపు ద్రాక్షసీమలలో ఇందుకు మాఱుగా నొక సంగతి కొంతకాలముగా జరుగుచున్నది. తారు లేని, మోటారులు రాని, మన్నును కంకరయు గలసిన తోటబాటలను వెదకికొని పట్టణవాసులు సైకిళ్లపై వచ్చుచున్నారు. లోకప్రసిద్ధమైన టూర్ డి ఫ్రాన్సు సైకిలు పందెము సయితము 2024వ సంవత్సరము జూలై 7వ తేదీన ట్రాయ్ పట్టణము చుట్టును జరిగినప్పుడు, ద్రాక్షతోటలు గల ఓబ్ ప్రాంతములో పదునాలుగు తావుల, మొత్తము 32 కిలోమీటర్ల మేర, తెల్లని కంకరబాటలపై నడచినది. పారిస్–టూర్ అను పాత పందెములోను 2018 నుండి ద్రాక్షతోటల బాటలు చేర్చబడినవి.

విహారయాత్రల సంగతి రైతుల పత్రికలో నేల వ్రాయవలెనని కొందఱడుగవచ్చును. ఆ బాటలు విహారము కొఱకు వేసినవి కావు. రైతులు బండ్లు తోలుకొనుటకు వేసికొన్నవి. కావున అవి యెవ్వరి సొత్తు, వానిని బాగుచేయువారెవ్వరు, వానివలన వచ్చు లాభమెవ్వరికి జేరవలెను అను మూడు ప్రశ్నలును రైతు ప్రశ్నలే. నా యభిప్రాయమును మొదటనే చెప్పెదను. మోటారులు లేని కంకరబాటపై సైకిలు యాత్ర ద్రాక్షరైతునకు మేలే; కాని మూడు కట్టుబాట్లున్నప్పుడే మేలు. బాట గ్రామము చేతిలో నుండవలెను. బాటపై సేద్యపు పనికి మొదటి హక్కుండవలెను. బాటసారి యిచ్చు సొమ్ము పండించినవానికి జేరవలెను. ఈ మూటిలో నేది తప్పినను రైతునకు మిగులునది దుమ్ము మాత్రమే.

ఆ బాటలెట్టివి?

ఫ్రాన్సులో ద్రాక్షను మనవలె పందిరిపై బాకింపరు. వరుసలుగా నాటి, తీగెలకు గట్టి, మనిషి చేతికందునంత యెత్తులో గత్తిరింతురు. రాళ్లు నిండిన వాలుభూములలో ననేక తోటలున్నవి. శీతకాలమున కత్తిరింపు, పిమ్మట దున్నకము, వేసవిలో మందు చల్లుట, ఆకు దీయుట, తుదకు కోత. ఇట్లు ఏడాది పొడుగున రైతు పలుమాఱులు తోటకు బోవలసియుండును. గావున వరుసల చివరలను బట్టి బండిబాటలు వెలసినవి. ఒకప్పుడు గుఱ్ఱపుబండ్లు నడచిన ఆ బాటలపైననే నేడు ద్రాక్షవరుసను కాళ్లనడుమ నిడుకొని పోవు పొడవుకాళ్ల ట్రాక్టరులు నడచుచున్నవి. పెద్ద బాటలతో వీనికి పనిలేదు గనుక మోటారుకార్లు వీనిపైకి రావు. సైకిలువానికి గావలసిన నెమ్మది యిట్లు రైతుపని వలననే యేర్పడినది.

తోటబాటలకు తోడుగా కాలువగట్టులును పాత రైలుకట్టలును గలవు. కాలువగట్టులలో మిక్కిలి పేరుగాంచినది దక్షిణమున నున్న కనాల్ ద్యు మిది గట్టు. పియేర్ పోల్ రికే అను నాతడు 1666లో దీనిని మొదలుపెట్టెను. అతడు మరణించిన పిదప 1681లో కాలువ తెఱవబడినది. టూలూజ్ నగరము నుండి సముద్రతీరమందలి తో అను ఉప్పునీటి మడుగు వఱకు దీని పొడవు 240 కిలోమీటర్లు. పడవలను గుఱ్ఱములు గట్టుమీద నుండి లాగునట్లు త్రోవ విడిచినందున ఆ త్రోవ నేడు సైకిళ్లకు బనికివచ్చినది. టూలూజ్ వైపు సుమారు 50 కిలోమీటర్లు తారు గలదు. ఆ పిమ్మట చాలవఱకు మన్ను, కంకర, చెట్ల వేళ్లు. ఓమ్స్, ల సొమాయ్, కపెస్తాఁ మొదలగు గ్రామముల మీదుగా, మినెర్వా సీమ ద్రాక్షతోటల ప్రక్కగా ఆ గట్టు సాగును. గట్టుకు నీడనిచ్చు ప్లేను చెట్లకు శిలీంధ్రము వలన గలుగు ఎండుతెగులు 2006లో కనబడినందున వేలకొలది చెట్లను నఱికి, వేఱు జాతుల మొక్కలను నాటుచున్నారు. ఈ తెగులు రోగపు చెట్టును గోసిన రంపముతోడను, కాలువనీటితోడను గూడ వ్యాపించును. ఒక్క జాతి చెట్టునే బారులుదీర్చి నాటినచో ఏమగునో తోటలు వేయువారికి ఇదియొక హెచ్చరిక.

రైలుకట్టలలో బుర్గోన్ సీమయందు జీవ్రీ నుండి క్లూనీ వఱకు గల 44 కిలోమీటర్ల బాట ముఖ్యమైనది. రైళ్లు నిలిచిపోయిన పిదప ఆ కట్టను 1997లో కాలినడకవారికిని సైకిళ్లకును విడిచిరి. బోర్డో నగరము వద్ద రెండేఱుల నడిమి సీమలో, 1937వ సంవత్సరపు టూర్ డి ఫ్రాన్సు విజేతయగు రొజే లపెబీ పేరుగల మఱియొక పాత రైలుకట్ట సొవ్తేర్ ద గుయెన్ వఱకు బోవుచున్నది. ఇట్టివానిని ఫ్రెంచివారు పచ్చబాటలందురు. మోటారులు లేని రాకపోకలకై ప్రత్యేకించిన బాట యని 2004లో రోడ్ల చట్టమందు దీనికి నిర్వచనము గూడ జేర్చిరి. పచ్చబాటలు పెక్కు తారుబాటలే. వానినుండి ప్రక్కలకు జీలి తోటలలోనికి బోవు త్రోవలే కంకరబాటలు.

ఇట్టి త్రోవలకై ప్రత్యేకముగా జేసిన సైకిలును గ్రావెలు సైకిలందురు. దీని చక్రపు టైరు 35 మొదలు 50 మిల్లీమీటర్ల వెడల్పుండును. టైరులో గాలి తక్కువగా నింపుదురు. అందువలన చక్రము రాతిపై నెగిరిపడక రాతిని మ్రింగినట్లు సాగును. మన పాలవాండ్లు బరువు సైకిలుపై డొంకలలో బోవుట యెఱిగినవారికి ఈ సూత్రము క్రొత్తది కాదు.

చట్టము చెప్పునదేమి?

ఫ్రెంచి గ్రామములలోని సేద్యపు బాటలు చూపునకు ఒక్కతీరుగా నున్నను చట్టమునందు రెండు విధములు. ఒకటి గ్రామబాట. ఇది కొమ్యూను అనబడు గ్రామ సంస్థ సొత్తు, ఎవ్వరైనను నడువవచ్చును. దీని కాపుదల మేయరు బాధ్యత. రెండవది సేద్యబాట. దీని రెండు ప్రక్కల గల రైతులే దీనికి సొంతదారులు. ఎవరి చేను ఎదుట నున్న భాగము వారిది, వాడుక మాత్రము అందఱిది. దానివలన ప్రయోజనము పొందువారెల్లరు బాగుచేయుటకు తమ పాలు వ్రయము భరింపవలెను. రైతులు వలదన్నచో సేద్యబాటపై బయటివారు నడువరాదు. కావున సైకిలు యాత్రికుడు తానెక్కిన బాట యేదియో తెలిసికొనుట మొదటి ధర్మము.

గ్రామబాటకు ఫ్రెంచి చట్టములో నొక బలహీనత గలదు. ప్రక్క చేను రైతు దానిని దున్నుకొని ముప్పది యేండ్లు ఆటంకము లేక అనుభవించినచో అది యతని సొత్తగును. ఏటికొక చాలు చొప్పున లోపలికి జరిగిన నాగలి ఎన్నియో బాటలను ఇట్లు మ్రింగినది. రెండవ ప్రపంచయుద్ధానంతరము చిన్న చిన్న కమతములను జేర్చి పెద్ద మడులుగా జేసినప్పుడు కూడ అనేకములు పోయినవి. తుదకు 2022వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో చేసిన చట్టములో, కొమ్యూను తన గ్రామబాటలను లెక్కింప దీర్మానించినచో ఆ ముప్పది యేండ్ల గడువు లెక్క నిలిచిపోవునట్లు ఏర్పాటు చేసిరి. బాట నిలువవలెనన్న మొదట అది కాగితముమీద నిలువవలెను.

ఇచ్చటనే సైకిలువాని పని రైతునకు దెలియవలసినది. చట్టము ప్రకారము గ్రామబాట ప్రజోపయోగమందున్నదని చూపుటకు, జనులు దానిపై నడచుటయే యొక ముఖ్యమైన యాధారము. ప్రజలెవ్వరును వాడని బాటను, బహిరంగ విచారణ జరిపిన పిమ్మట, కొమ్యూను అమ్మివేయవచ్చును. నాలుగిండ్ల వారే మిగిలిన యూరిలో, తోటలు తగ్గిపోయిన చోట, బాటపై నడచువాడెవ్వడు? ఏడాదికి పదిమాఱులు పోవు ట్రాక్టరొక్కటియు, ప్రతి యాదివారము పోవు సైకిళ్లును. బాట బ్రదికియున్నదని చెప్పుటకు ఆ సైకిలు జాడ సాక్ష్యము. అందుచేత యాత్రికుని రైతు తన బాటకు కావలివానిగా నెంచుట మంచిది.

ఈ మాట నేడు చెప్పుట కొక కారణము గలదు. ఫ్రాన్సులో ద్రాక్షసారాయము వాడుక తగ్గుచు వచ్చినది. 1960 ప్రాంతమున మనిషికి ఏడాదికి నూఱు లీటర్లకు పైగా ఖర్చయినది. నేడు అందు సగము కూడ లేదు. సరకు నిలిచిపోయి, ధరలు పడి, 2024లో ప్రభుత్వమే తోటలను శాశ్వతముగా బెఱికివేయువారికి హెక్టారుకు 4,000 యూరోలు చొప్పున నిచ్చు పథకము పెట్టినది. తాతలనాటి తోటను బెఱికివేయుట ఏ రైతునకును సులభము కాదు. తోట పోయిన వెనుక తోటబాటకు దిక్కెవ్వరు? కొన్నాళ్లకు ముండ్లపొదలు కమ్మును. మఱికొన్నాళ్లకు ప్రక్కచేను కలుపుకొనును. మిగిలిన రైతు చుట్టు తిరిగి తన తోటకు బోవలసివచ్చును. ఒక్కని తోట పోయినచో పదిమంది బాట పోవును.

రైతు అభ్యంతరములు

సైకిళ్లు వచ్చుట ప్రతి ద్రాక్షరైతునకు సంతోషకరమని నేననను. రైతు అభ్యంతరములు నిజమైనవి. మందు చల్లునప్పుడు బాటసారి యెదురుపడినచో పని యాపవలెను. కోతదినములలో ట్రాక్టరు వెనుకకు మఱలుటకు చోటుండదు. వానలో మెత్తబడిన బాటపై చక్రములు గాడి చేయును. ఆ గాడిలో నీరు పాఱి గండి పడును. గట్టు చివరి గుత్తులను గోసికొనువారును గలరు.

ఈ కడపటి దానిని గూర్చి మన రైతులందఱు వినదగిన కథ యొకటి యున్నది. బోర్డో సమీపమున మెదోక్ సీమలో, త్రోవ ప్రక్కనున్న వరుసల పండ్లను బాటసారులు గోయకుండుటకై, రైతులు మైలుతుత్తమును సున్నమును నీట గలిపి ఆ వరుసలపై జల్లెడివారు. నీలిమచ్చలు చూచి విషమని జనులు భయపడుదురని వారి యుక్తి. అప్పుడు అమెరికా నుండి వచ్చిన బూజుతెగులు తోటలను నాశనము చేయుచుండెను. 1882లో బోర్డో విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రాచార్యుడు మిలార్దే సెయింట్ జూలియాఁ వద్ద బోవుచు, తోట లోపల ఆకు రాలిపోయినను త్రోవ ప్రక్క వరుసలు మాత్రము పచ్చగా నుండుట గమనించెను. పరీక్షలు జరిపి 1885లో ఫలితములను బ్రకటించెను. మనము తమలపాకు తోటలకును నిమ్మచెట్లకును నేటికిని వాడుచున్న బోర్డో మిశ్రమము ఇట్లు పుట్టినది. బాటసారిని దొంగయని శంకించి చల్లినది లోకమందలి తోటలకెల్ల మందైనది. బాట ప్రక్క నున్న వరుసను చూచువాడు లేకున్నచో ఈ సంగతి యెప్పటికి బయటపడియుండెడిదో!

మందు చల్లుటను గూర్చి ఫ్రాన్సులో నిబంధనలు గట్టివి. గాలి బోఫోర్టు కొలతలో మూడవ మెట్టు, అనగా గంటకు సుమారు 19 కిలోమీటర్ల వేగము, మించినప్పుడు చల్లరాదు. చల్లిన తోటలోనికి కనీసము ఆఱు గంటలు, కొన్ని మందుల విషయములో నలువదియెనిమిది గంటల వఱకు ఎవ్వరును బ్రవేశింపరాదు. బాటకు ఈ గడువు వర్తింపకపోయినను, తెలివిగల యాత్రికుడు చల్లుట కానవచ్చినచో దూరముననే నిలిచి వేఱు త్రోవ బట్టును. రైతును తెల్లవాఱుజామున గాలి లేనప్పుడు పని ముగించుకొనును. ఇద్దఱును కొంచెము సర్దుకొన్నచో తగవునకు తావుండదు.

కోతకాలమున నాకు సందేహమే లేదు. ఆగస్టు చివర మొదలు అక్టోబరు వఱకు కోత సాగు దినములలో తోటబాట రైతుదే. ట్రాక్టరు కనబడినప్పుడు సైకిలువాడు దిగి ప్రక్కకు జరుగవలెను. బోన్ పట్టణము నుండి పొమ్మార్, వోల్నే, మెర్సో గ్రామముల మీదుగా సాంత్నే వఱకు, సుమారు 20 కిలోమీటర్లు, ద్రాక్షతోటల నడుమ నేర్పఱచిన సైకిలుబాటపై తోటపని బండ్లును సైకిళ్లును గలసియే నడచుచున్నవి. సమాధానముగా నడచుట సాధ్యమే యనుటకు ఇది నిదర్శనము. అయితే పని యెవ్వరిది, ఆట యెవ్వరిది యను భేదమును మఱవరాదు. క్లూనీ నుండి మాకోన్ వైపు బోవు పచ్చబాటలో బువా క్లేర్ అను 1,600 మీటర్ల సొరంగమును శీతకాలమున గబ్బిలముల నిద్ర చెడకుండుటకై మూసివేయుదురు. గబ్బిలము కొఱకు నెలల తరబడి బాట మూయగలవారు, రైతు కోత కొఱకు కొన్ని దినములు తొలగలేరా?

సొమ్మెవ్వరికి?

ఇక లాభము మాట. సైకిలు యాత్రికుడు ధనవంతుడైనను కాకున్నను ఆకలిగొన్నవాడు. మెల్లగా బోవును గనుక ప్రతి యూరిలో నాగును. మోటారువాడు గంటలో దాటిపోవు సీమలో అతడు మూడు రాత్రులుండును. రొట్టె, జున్ను, బస, వీనికెల్ల సొమ్మిచ్చును. సైకిలు యాత్రికులకు తగిన బసలకు ఫ్రాన్సులో నొక దేశవ్యాప్త గుర్తు గలదు. గుర్తుగల సైకిలుబాటకు అయిదు కిలోమీటర్లలోపల నుండుట, సైకిళ్లు భద్రపఱచు చోటు, మరమ్మతు సామగ్రి యుండుట దానికి గావలసిన షరతులలోనివి.

కాని బసవాడు బాగుపడి ద్రాక్షరైతు బాగుపడనిచో మనకేమి ప్రయోజనము? ఇచ్చట సహకారము వచ్చును. కనాల్ ద్యు మిది గట్టుకు దాపున, బెజియే పట్టణము ప్రక్కన మరోసాఁ అను గ్రామము గలదు. 1901లో ఆ యూరి చిన్నరైతులు కూడి సంఘము స్థాపించి తమ సరకును గలిపి యమ్మసాగిరి. దళారులను విడిచి పారిస్ నగరమందలి కార్మికుల వినియోగదారుల సంఘములకే నేరుగా బంపిరి. 1905లో తమ సొంత గాదెశాలను గట్టిరి. ఒక్కొక్కరి కొఱకు అందఱు, అందఱి కొఱకు ఒక్కొక్కరు అను భావము దాని ముఖద్వారముపై వ్రాసియుంచిరి. ఆ యేటనే జాన్ జోరేస్ అను ప్రసిద్ధ నాయకుడు వచ్చి చూచి మెచ్చుకొనెను.

ఆ కాలమున అట్టి సంఘమెంత యవసరమో 1907 చూపినది. ధరలు కూలి, చక్కెరనీళ్లు గలిపిన కల్తీసరకు అంగళ్లను నింపగా దక్షిణసీమ ద్రాక్షరైతులు తిరుగబడిరి. ఆ యుద్యమమునకు నాయకుడైన మార్స్లాఁ అల్బేర్ అను నాతడు ఆర్జెలియే గ్రామస్థుడు. ఆ యూరును మిది కాలువ ప్రక్కదే. 1907 జూను 9వ తేదీన మాఁపెలియే నగరమున లక్షలకొలది జనులు గుమిగూడిరి. నార్బోన్ పట్టణమున సైనికుల కాల్పులలో కొందఱు మరణించిరి. అదే నెల చివర కల్తీని అరికట్టు చట్టము చేయబడినది. ఆ పిమ్మటి దశాబ్దములలో ఊరూరను సహకార గాదెశాలలు వెలసినవి. జీవ్రీ–క్లూనీ బాట ప్రక్కనున్న బ్యుక్సీ గ్రామపు సహకార సంఘము 1931లో పుట్టినది. కాలువగట్టునను రైలుకట్టపైనను బోవు సైకిలువానికి ఇట్టి గాదెశాలలు త్రోవలోనే తగులును. అతడు కల్తీలేని సరకును పండించినవారి సంఘమునుండియే కొనగలడు. ఈ యనుకూలమును సంఘములు విడువరాదు.

అతిశయోక్తి మాత్రము పనికిరాదు. సైకిలుపై ఎవ్వడును ఒకటి రెండు సీసాలకన్న ఎక్కువ మోసికొనిపోలేడు. రుచి చూచుటకును హద్దు గలదు. నెత్తురులో లీటరుకు అర గ్రాము మద్యసారమను చట్టపు మేర అచ్చట మోటారు నడపువానికెట్లో సైకిలు తొక్కువానికిని అట్లే. కావున లాభమంతయు గాదెశాల బల్లమీద రాదు. యాత్రికుని చిరునామా వ్రాసికొని, అతడు మెచ్చిన సరకును పెట్టెలో నింపి యింటికి బంపించి, ఏటేట జ్ఞాపకము చేయుటలోనే లాభమున్నది. ఒక్క రైతు ఇది చేయలేడు. గుమాస్తాయు, లెక్కయు, రవాణా ఏర్పాటును గల సంఘము చేయగలదు. పెఱికివేతను సైకిళ్లు ఆపగలవని నేననుట లేదు. నిలువగోరు రైతునకు నాలుగు కొనుగోలుదారులను బాట తెచ్చిపెట్టునని మాత్రమే యనుచున్నాను.

తారు పోయవలెనా?

బాటకు జనులు రాగానే దానికి తారు పోయుదమను నాలోచన పుట్టును. పాత రైలుకట్టపై తారు పోయుట నాకు సమ్మతమే. అది సమతలము, పిల్లలును, ముసలివారును, చక్రపుకుర్చీలవారును వాడుకొందురు. తోటబాట సంగతి వేఱు. వాలుభూమిలో తారుబాట వాననీటిని ఇంకనీయక క్రిందికి దోలును. ఆ వడికి క్రింది తోటలో మన్ను కొట్టుకొనిపోవును. రెండవ సంగతి, నున్నని బాటకు మోటారుకారు తప్పక వచ్చును. అది వచ్చిన నాడు సైకిలువాడు పోవును. మూడవది వ్రయము. కంకరబాట గుంటపడినచో రైతు తన బండిలో రాయి మన్ను తెచ్చి పూడ్చగలడు; తారు పెచ్చులూడినచో కంట్రాక్టరు కొఱకు గాచియుండవలెను.

అయితే కంకరబాట దానంతట నిలువదు. నడుమ నెత్తుగను ప్రక్కలు పల్లముగను నుండవలెను. రెండు ప్రక్కల నీటికాలువ తీయవలెను. వాలు ఎక్కువైన చోట బాటకు అడ్డముగా నీరు మళ్లించు గట్టు వేయవలెను. వానకు ముందే గుంటలు పూడ్చవలెను. కొమ్యూను శ్రద్ధ చేయనిచో, బాటవలన ప్రయోజనము గలవారు కూడి సంఘముగా నేర్పడి ఆ పనిని తామే చేపట్టుటకు ఫ్రెంచి చట్టమందు వీలున్నది. మితిమీఱిన బరువులతో బాటను చెడగొట్టినవారి నుండి ప్రత్యేకముగా సొమ్ము రాబట్టుటకును వీలున్నది. ఇది సహకార ధర్మమే. యాత్రికుల వలన లాభించు బసలవారును అంగళ్లవారును ఈ వ్రయములో పాలుపంచుకొనుట న్యాయమని నా యభిప్రాయము.

మనకు దీనితో నేమి?

మన డొంకలపై దేశాంతర యాత్రికులు రావలెనని నేను గోరుట లేదు. మన సీమ వేఱు, పైరు వేఱు. కాని డొంకయన్నను పుంతయన్నను పేరేదైనను, పదిమంది బండ్లు చేలకు బోవు ఉమ్మడి త్రోవ మనకును గలదు. ప్రజల బాటలు ప్రభుత్వపు సొత్తని మద్రాసు ప్రభుత్వపు 1905వ సంవత్సరపు భూఆక్రమణ చట్టము నాడే చెప్పినది. చట్టమున్నను నాగలి యాగలేదు. ప్రదర్శన క్షేత్రముల పనిమీద నేను దిరిగిన గ్రామములలో, పటములో రెండు బండ్లు దాటుటకు చాలిన డొంక, నేలమీద ఒక్క బండికి చాలక, కోత యంత్రము చేనికి రాలేక, పండిన వరిని తలపై మోసికొనివచ్చిన సందర్భములు చూచియున్నాను. గట్టు జరిపినవానికి దక్కినది రెండు చాళ్లు. ఊరందఱికి పోయినది బాట. జరిపినవాని ధాన్యమును ఆ యిఱుకు త్రోవనే రావలెను గదా!

కావున సభ్యులకు నా విన్నపము. రాబోవు సర్వసభ్య సమావేశములో మీ గ్రామ సర్వే పటము దెప్పించి బల్లపై బఱచుడు. అందులో గీసిన ప్రతి డొంకయు పేరుపేరున వ్రాయుడు. పైరు లేని దినములలో పెద్దలును యువకులును గలసి వానిపై నడచి, ఎచ్చట నెంత తగ్గినదో కొలిచి, కోపములు లేకుండ ఇరుపక్షముల యెదుట వ్రాసికొనుడు. ఆ కాగితమును పంచాయతీకిచ్చి రసీదు తీసికొనుడు. తారు కొఱకు అర్జీ పెట్టుట ఆ తరువాత. బాటను మొదట నిలుపుకొనినవాడే దానివలని ఫలమును రేపు పొందగలడు. ఫ్రెంచి ద్రాక్షరైతు తాతలు విడువక నడచిన త్రోవయే నేడు వాని మనుమని గాదెశాలకు కొనుగోలుదారుని దెచ్చుచున్నది.